రాయని మాట

ఎస్తర్ రాణి నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా వెంకటదుర్గ గదికి వచ్చింది. అప్పటికి ఉదయం ఎనిమిదిన్నర. దుర్గ గది ఊడ్చి, కుర్చీలు సర్ది, పంచాంగం తీసి బల్ల మీద పెట్టుకుంటోంది. నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు. దుర్గ జాతకాలు చూసే గది ఆమె ఇంటి ముందు భాగమే. ఎస్తర్ ఆసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చి మానదు, జాతకాలు నమ్మదు. ఆ సంగతి పదిహేనేళ్ల కిందటే దుర్గకు మొహం మీద చెప్పింది. దుర్గ నవ్వి ఊరుకుంది. ఆ తర్వాత ఆ మాట ఇద్దరి మధ్యా రాలేదు, కూర గిన్నెలు మాత్రం రోడ్డుకి అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి.

ఇవాళ ఎస్తర్ గుమ్మంలో చెప్పులు కూడా విప్పలేదు. బ్యాగులోంచి ఒక మడత కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మీ రాతేనా, దుర్గగారూ?"

దుర్గ విప్పి చూసింది. జాతక చక్రం, దాని కింద దశల పట్టిక, ఆ కింద ఎర్ర సిరాతో రెండు మూడు ముక్కలు. తన రాతే. నాలుగేళ్ల కిందటి తేదీ. పేరు నూకరత్నం.

"నాదే. ఏమైంది?"

"ఈ పిల్లని నిన్న సాయంత్రం గొలుగొండ అవతల నుంచి ఆటోలో తెచ్చారు. ఫిట్స్. మా దగ్గరికి వచ్చేసరికే ముప్పావుగంట నుంచి ఆగకుండా కొట్టుకుంటోంది. ఇంజెక్షన్లు చేసి, ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో విశాఖ పంపించాం. బతుకుతుందో లేదో తెలీదు. ఇరవై ఏళ్ల పిల్ల."

దుర్గ కాగితం మీది తేదీ మళ్లీ చూసింది.

"మాత్రలు వాడుతున్న పిల్లే. ఇరవై మూడు రోజుల కిందట మానిపించేశారు. ఎందుకమ్మా అని తల్లిని అడిగితే ఈ కాగితం చూపించింది. పిల్ల జబ్బకి ఇంత రాగి తాయెత్తు. సూది వెయ్యడానికి మేం అది తీస్తుంటే ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది. తియ్యొద్దు, తీస్తే పని చెయ్యదు అంటుంది. అంబులెన్సు ఎక్కే కంగారులో ఈ కాగితం మంచం మీద వదిలేసింది. మీరేం రాశారో మీరే చదవండి."

దుర్గ పైకి చదవలేదు. 'శనిలో రాహువు అంతర్దశ. నరాల పీడ. గ్రహశాంతి మేలు.'

"నేను మాత్రలు మానమనలేదు ఎస్తర్. మానొద్దనే చెప్పాను. నాకు బాగా గుర్తుంది."

"చెప్పారేమో. ఇందులో లేదు."

ఎస్తర్ కాగితం బల్ల మీదే వదిలేసి రోడ్డు దాటి వెళ్లిపోయింది. తలుపు వేసిన చప్పుడు ఇక్కడికి వినిపించింది.

దుర్గ తండ్రి సోములు మాస్టారు బడిలో లెక్కలు చెప్పి, సాయంత్రాలు ముహూర్తాలు పెట్టేవాడు. ఆయన పెట్టిన నియమాలే ఇప్పటికీ గది గోడ మీద బోర్డుగా ఉన్నాయి. జాతకం, ముహూర్తం, పొంతన చూడబడును. రోగం, ఆయుష్షు, కోర్టు తీర్పు, పరీక్షల ఫలితం చెప్పబడవు. తాయెత్తులు, రాళ్లు అమ్మబడవు. వచ్చినవాళ్లు ఆ బోర్డు చదివి, మరింకేం చెబుతారండీ అని నవ్వేవాళ్లు. దుర్గ పట్టించుకునేది కాదు. తాను ఊళ్లో మిగతావాళ్లలాంటి మనిషిని కానని ఆ బోర్డు రోజూ ఆమెకు చెబుతుండేది.

ఆ బోర్డు కిందే, నాలుగేళ్ల కిందట, అచ్చియమ్మ కూర్చుంది. ఎకరం జీడితోట మీద బతికే మనిషి. భర్త లేడు. పక్కన పదహారేళ్ల రత్నం తల వంచుకుని గోళ్లు కొరుక్కుంటోంది. పిల్లకి ఫిట్స్ వస్తున్నాయి, డాక్టరు మాత్రలిచ్చాడు, ఎన్నాళ్లు మింగాలో చెప్పడం లేదు, కాస్త చూడమ్మా అని అచ్చియమ్మ దుర్గ రెండు చేతులూ పట్టుకుంది. రోగం సంగతి చూడనని దుర్గ చెప్పింది. అచ్చియమ్మ లేవలేదు. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపలేక, దశలో ఉన్నదేదో ఒక ముక్క రాసిచ్చింది. మాత్రలు మాత్రం మానొద్దమ్మా, శాంతి చేయించుకో, మాత్రలు మాత్రలే, అని నోటితో చెప్పింది. ఒకటికి రెండుసార్లు చెప్పింది. చెప్పిన మాట ఆ గదిలోనే ఉండిపోయింది. రాసిన ముక్క గొలుగొండ వెళ్లి నాలుగేళ్లు ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది.

ఆ రోజు వచ్చినవాళ్లను వచ్చినట్టే పంపేసి దుర్గ గది మూసింది. విశాఖ బస్సెక్కింది.

ఆసుపత్రిలో ఐసీయూ బయట వరండాలో అచ్చియమ్మ నేల మీద కూర్చుని ఉంది. దుర్గను చూసి లేవలేదు. తనే ముందు మాట్లాడింది.

"నువ్వే రాసేవు గదమ్మా."

"రాశాను. మాత్రలు మానమన్నానా అచ్చియమ్మా?"

"నువ్వనలేదు. ఆ బాబన్నాడు. అబీద్ సెంటర్లో బోర్డున్నాది గదా, ధర్మతేజ గురూజీ. నీ కాయితం సూసి మొక్కినాడు. మా గురువమ్మ రాసిన జాతకమే ఇది, ఆవిడే పీడ అని రాసింది, ఇంక వేరే సూడక్కర్లేదు అన్నాడు. నలబై ఒక్క రోజు కవసం కట్టుకోవాల, ఇంగ్లీసు మందు ఒంట్లో ఉంటే కవసం పని సెయ్యదు అన్నాడు."

"నువ్వు నమ్మేశావు."

"నీ రాత సూసి నమ్మినానమ్మా. ఆడి మాట ఇని కాదు."

దుర్గ ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"పిల్లకి అచ్యుతాపురం బట్టల కంపినీలో కుట్టుపని ఇస్తామన్నారు," అచ్చియమ్మ నేలకేసి చూస్తూ చెప్పుకుపోయింది. "సేరే ముందు డాక్టరు పరీచ్చ ఉంటాదంట. ఫిట్సున్నోల్లని తీసుకోరని మా ఊరి పిల్లలన్నారు. బేగి తగ్గిపోవాల గదా మరి. పిల్ల ఒద్దంది. అమ్మా, మాత్రలు మానేస్తే పేనం మీదకొస్తాది, డాక్టరు గారు సెప్పినారు అంది. నానే తిట్టి, మాత్రలు అట్టుకెల్లి పొయ్యిలో ఏసినాను. నా సేతుల్తోనే ఏసినాను."

నాలుగో రోజుకి రత్నం కళ్లు తెరిచింది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట ముద్దగా వస్తోంది. ఎంతవరకు తిరిగి వస్తుందో ఆరు నెలలు గడిస్తే గాని చెప్పలేమన్నారు డాక్టర్లు. తల్లిని గుర్తుపట్టింది. అచ్యుతాపురం ఎప్పుడెళ్లాలి అని అడిగిందట.

ఆ మాట విన్న రోజే దుర్గ అబీద్ సెంటర్ వెళ్లింది.

ధర్మతేజ ఎనిమిదేళ్ల కిందట రెండేళ్లపాటు ఆమె దగ్గర నేర్చుకున్నవాడు. లెక్క కట్టడంలో చురుకు. వచ్చినవాళ్లకు రాళ్లు అమ్ముదామమ్మా, వాళ్లే అడుగుతున్నారు కదా అన్నాడు ఒకసారి. దుర్గ కేకలేసింది. మర్నాటి నుంచి రావడం మానేశాడు. ఇప్పుడు అతనికి మేడ మీద ఏసీ గది, కింద టోకెన్లు ఇచ్చే అమ్మాయి, యూట్యూబులో వీడియోలు ఉన్నాయి. సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ. 'ఫిట్స్, పక్షవాతం, సంతానలేమి, 41 రోజుల్లో శాశ్వత పరిష్కారం.' ఆ అక్షరాల కింద చిన్నగా, 'సోములు మాస్టారి శిష్యపరంపర.' రెండేళ్లుగా కూరగాయలకు వెళ్తూ వస్తూ దుర్గ ఆ ఫ్లెక్సీ చూస్తూనే ఉంది. తండ్రి పేరు చదివిన ప్రతిసారీ తల తిప్పుకుని నడిచింది. వీధిలో పడి గొడవెందుకు, మన గది మనం శుభ్రంగా ఉంచుకుంటే చాలు అనుకుంది.

టోకెన్ అమ్మాయి ఆపబోయింది. దుర్గ ఆగలేదు.

ధర్మతేజ ఆమెను చూడగానే లేచి నిలబడి చేతులు జోడించాడు.

"రండమ్మా. కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ని కదా."

"నూకరత్నం ఎలా ఉందో కనుక్కున్నావా?"

"తెలిసిందమ్మా. బాధాకరం. వాళ్లు నియమం తప్పారు. నలభై ఒక్క రోజులూ నీచు ముట్టకూడదన్నాను. ఆ ఇంట్లో ఎండుచేపల పులుసు వండారు. కవచానికి శక్తి పోయింది."

అంతవరకు దుర్గ తనను తాను పట్టుకుని ఉంది. ఎండుచేపల పులుసు అన్న మాటకి ఒళ్లంతా మండిపోయింది.

"ఆ పిల్ల చెయ్యి పడిపోయిందిరా. మాట పడిపోయింది. దానికి కారణం పులుసా? మాత్రలు మానమని ఏ గ్రంథంలో ఉంది? నేను నీకు నేర్పిన దాంట్లో ఏ పేజీలో ఉందో చూపించు."

"గట్టిగా మాట్లాడకండమ్మా, బయట జనం ఉన్నారు." అతను కూర్చున్నాడు. గొంతు మారలేదు. "మీరు నరాల పీడ అని రాశారు. నేను దానికి పరిహారం ఇచ్చాను. రోగం పేరు పెట్టింది మీరు. బోర్డు మీద మాత్రం రోగం చెప్పబడదు అని ఉంటుంది."

దుర్గ అతని ఎదురుగా నిలబడే ఉంది.

"పోనీ, చట్టం అంటారా, నాకు ఆ భయం లేదు." సొరుగులోంచి ఒక అచ్చు కాగితం తీసి చూపించాడు. అడుగున అచ్చియమ్మ వేలిముద్ర. పైన చీమలంత అక్షరాల్లో ఇంగ్లీషు. "ఇక్కడ చెప్పేవి వినోదం నిమిత్తం మాత్రమే, వైద్య సలహా కాదు అని ఇందులో ఉంది. ముద్ర వేయించుకోకుండా నేను ఎవర్నీ చూడను. నాకు లాయరు ఉన్నాడమ్మా. మీకు గోడ మీద బోర్డు ఉంది. కాగితం ఎవరిది గట్టిదో మీరే ఆలోచించండి."

"వినోదం," అంది దుర్గ. "ఆ తల్లి పొయ్యిలో మాత్రలు వేసింది వినోదానికా?"

"మీరు కేసు పెడితే ముందు బయటికొచ్చేది మీ రాతే. అది కూడా ఆలోచించండి. మీ మీద గౌరవంతో చెబుతున్నాను."

దుర్గ మెట్లు దిగింది. అతను చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం. ఆ ముక్కను అతని నోటి నుంచి వినాల్సి వచ్చింది. కింద బెంచీల మీద పదిహేనుమంది కూర్చుని ఉన్నారు. ఒక ముసలాయన మూతి ఒక పక్కకి వంకర పోయి ఉంది. కొడుకు కాబోలు, తువ్వాలుతో చొంగ తుడుస్తున్నాడు.

"ఆసుపత్రికి తీసుకెళ్లు బాబూ," అంది దుర్గ. "మూతి వంకర పోతే గంటల్లో చూపించాలి. ఇక్కడ కూర్చోబెట్టకు."

"మాది నలబై రెండో టోకెనండి," అన్నాడు అతను.

దుర్గ ఆ టోకెను అతని చేతిలోంచి లాక్కుని చింపేసింది. అతను లేచి ఆమె మీదికి రాబోయాడు. ముసలాయన ఏదో అనబోయి అనలేకపోయాడు. దుర్గ రోడ్డు మీదికి పోయి ఆటో ఆపింది. ముసలాయన చెయ్యి పట్టుకుని ఎక్కించింది. కొడుకు తిడుతూనే వెనక ఎక్కాడు. ఆసుపత్రి గేటు దాకా తిడుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఆమె రోడ్డు దాటి ఎస్తర్ ఇంటికి వెళ్లింది. ఎస్తర్ భర్త జాన్ ప్రసాద్ నర్సీపట్నం కోర్టులో లాయరు. ఎస్తర్ కుర్చీ వేసింది గాని పలకరించలేదు. జాన్ ప్రసాద్ అంతా విన్నాడు.

"పందొమ్మిది వందల యాభై నాలుగు నాటి చట్టం ఒకటుంది దుర్గగారూ. తాయెత్తు, మంత్రం, కవచం అని పేర్లు పెట్టి మరీ రాశారు అందులో. జబ్బుల జాబితాలో ఫిట్స్ ఉంది. ఫలానా జబ్బు కవచంతో తగ్గిస్తామని ప్రకటన వెయ్యడమే నేరం. తగ్గిందా లేదా అన్నది తర్వాత మాట. ఆ ఫ్లెక్సీ ఒక్కటి చాలు. వినోదం కాగితం దాని ముందు నిలబడదు. చదువు రాని మనిషి చేత ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం అతనికే ఎదురు తిరుగుతుంది."

"అయితే పెడదాం."

"పెట్టొచ్చు. కానీ మీ కాగితం దాచి పెట్టడం కుదరదు. వాళ్ల లాయరు మొదట మిమ్మల్నే బోనెక్కిస్తాడు. మీకూ నోటీసు రావచ్చు. ఊళ్లో మీ పేరు అతని పేరు పక్కన పడుతుంది. రెండు రోజులు ఆలోచించుకోండి."

"రెండేళ్లు ఆలోచించానండీ," అంది దుర్గ. "ఆ ఫ్లెక్సీ కింద నడుస్తూ."

అప్పుడు ఎస్తర్ ఆమె వంక చూసింది. లోపలికి వెళ్లి రెండు టీలు తెచ్చి ఒకటి దుర్గ ముందు పెట్టింది.

సంగతి పొక్కింది. మూడో రోజు చుట్టుపక్కల జ్యోతిష్కులందరికీ పెద్దలాంటి మత్స్యలింగం గారు యలమంచిలి నుంచి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. సోములు మాస్టారికి స్నేహితుడు. దుర్గ కాళ్లకు దండం పెట్టి కుర్చీ వేసింది.

"ఆ కుర్రాడు చేసింది తప్పే," అన్నారాయన. "నేను పిలిచి చీవాట్లు పెడతాను. పిల్ల వైద్యానికి ఏదో ఒకటి చేయిస్తాను. కానీ పోలీసులూ, కోర్టూ అంటే, రేపు పేపర్లో ఏటని రాస్తారు? జ్యోతిష్కుడు అని రాస్తారు. ధర్మతేజ అని ఎవడూ చదవడు. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది తల్లీ."

"పడనివ్వండి మావయ్యగారూ. చించుకునేది మన కడుపే కదా, ఆ పిల్లది కాదు."

"మీ నాన్న ఉంటే ఇలా చెయ్యనిచ్చేవాడు కాదు."

దుర్గ లేచి నిలబడింది. "మా నాన్న పేరు ఆ ఫ్లెక్సీ మీద ఉంది. రెండేళ్లుగా ఉంది. మీరు నెలకోసారి ఈ ఊరు వస్తారు. చూడలేదా? మీరొక్కసారి పిలిచి చీవాట్లు పెట్టి ఉంటే సరిపోయేది. నేను ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఇద్దరం మంచివాళ్లలా తల తిప్పుకున్నాం. ఇప్పుడు మా నాన్న పేరెత్తి నన్ను ఆపకండి."

ఆయన చేతికర్ర తీసుకుని లేచారు. మజ్జిగ తాగకుండానే వెళ్లిపోయారు. మర్నాటి నుంచి ఆయన పంపే పెళ్లిళ్ల పొంతనలు రావడం ఆగిపోయింది.

అన్నిటికంటే కష్టమైంది అచ్చియమ్మతో. ఫిర్యాదు ఆమె ఇవ్వాలి. రత్నాన్ని ఇంటికి తెచ్చాక దుర్గ గొలుగొండ దాటి ఆ పల్లెకి వెళ్లింది. రత్నం మంచం మీద కూర్చుని ఎడం చేత్తో రబ్బరు బంతిని కుడి అరచేతిలో పెట్టి నొక్కుతోంది. బంతి జారి పడిపోతోంది. మళ్లీ పెడుతోంది.

"నానొల్లనమ్మా," అంది అచ్చియమ్మ. "టేసనుకి పోతే ఏటి సెప్పేది? మాత్రలు ఎవలు పారేసినారని అడుగుతారు. నానే అని సెప్పాల. ఊరంతా ఇంటాది. కన్నతల్లే సంపేసిందంటారు."

దుర్గ ఆమెను బతిమాలలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసింది. తన చేత్తో రాసి, సంతకం పెట్టిన వాంగ్మూలం. దాన్ని పైకి చదివింది. రోగం సంగతి చూడనని బోర్డు పెట్టుకుని కూడా నూకరత్నం జాతకంలో నరాల పీడ అని రాశాను, అది నా తప్పు. మాత్రలు మానకూడదని నోటితో చెప్పి, కాగితం మీద రాయలేదు, అది రెండో తప్పు. నా తండ్రి పేరుతో ధర్మతేజ జబ్బులు తగ్గిస్తానని ప్రకటన వేస్తే రెండేళ్లు చూస్తూ ఊరుకున్నాను, అది మూడో తప్పు.

"నువ్వు వచ్చినా రాకపోయినా రేపు నేను ఇది ఇస్తున్నాను," అంది. "నీకంటే ముందు నా పేరే ఉంటుంది అందులో."

మంచం మీది నుంచి రత్నం ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ పలికింది.

"ఎల్దాం... అమ్మా. నాను... నువ్వు. ఎల్దాం."

స్టేషన్లో ఎస్సై కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. జాన్ ప్రసాద్ చట్టం కాపీ, ఫ్లెక్సీ ఫొటోలు, యూట్యూబు వీడియోలు బల్ల మీద పెట్టాడు. ఎస్తర్ డ్యూటీ మార్పించుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఎస్సై అన్నీ చదివి దుర్గ వైపు తిరిగాడు.

"ఒక మాట అడుగుతానమ్మా, ఏమీ అనుకోకండి. మీరూ జాతకాలే చెబుతారు, అతనూ జాతకాలే చెబుతాడు. అతనిది మోసం, మీది నిజం అంటారా? తేడా ఏటి?"

ఈ ప్రశ్న వస్తుందని దుర్గకు తెలుసు. జవాబు తయారు చేసుకునే వచ్చింది. శాస్త్రం, సంప్రదాయం, తండ్రి పెట్టిన నియమాలు. నోరు తెరిచేసరికి అవేవీ రాలేదు.

"నేను చెప్పేది నిజమని మీకు రుజువు చెయ్యలేనండి. నమ్మినవాళ్లు వస్తారు, పెళ్లికి ఒక మంచి రోజు చెప్పమంటారు. చెబుతాను. ఆ రోజు కాకపోతే ఇంకో రోజు, ఎవరి ప్రాణం పోదు. అతను చేసింది తప్పని మాత్రం రుజువు చెయ్యగలను. ఆ పిల్ల అదిగో అక్కడ కూర్చుంది. చెయ్యి ఎత్తమనండి."

ఎస్సై రత్నం వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"రెండేళ్లుగా ఫ్లెక్సీ ఉందంటున్నారు. అప్పుడే ఎందుకు రాలేదు?"

"నా కొంప అంటుకోలేదు కదా అనుకున్నానండి," అంది దుర్గ. "అది కూడా రాశాను. మూడో పేరాలో ఉంది."

అచ్చియమ్మ వేలిముద్ర వేసేముందు, ఫిర్యాదు రాసిన రైటరును ఆపింది. "ముందు సదివి ఇనిపించు బాబూ. అంతా సదువు. ఓపాలి సదవకుండా ఏసినాను, సాలు." రైటరు మొత్తం చదివాడు. మాత్రలు పొయ్యిలో వేసిన సంగతి వచ్చినప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అంతా అయ్యాక వేలు సిరాలో ముంచింది.

కేసు నమోదైంది. ఫ్లెక్సీలు తీయించారు, మేడ మీది గదికి తాళం పడింది. ధర్మతేజ రెండు వారాలు కనిపించలేదు. ఆ తర్వాత బెయిలు మీద తిరిగి వచ్చి, దుకాణం యలమంచిలికి మార్చాడు. అక్కడి బోర్డు మీద జబ్బుల పేర్లు లేవు, సోములు మాస్టారి పేరూ లేదు. జనం మాత్రం ఉన్నారని విన్నది దుర్గ. జాన్ ప్రసాద్ చెప్పినట్టే ఆమెకూ నోటీసు వచ్చింది, వెళ్లి జవాబు చెప్పుకుంది. ఊళ్లో రెండు పేర్లూ కలిపే చెప్పుకున్నారు. వచ్చేవాళ్లు సగానికి తగ్గారు. మూతి వంకర పోయిన ముసలాయన కొడుకు ఒకరోజు గుమ్మం దాకా వచ్చి, నాన్నకి కాస్త నయమండి అని చెప్పి, లోపలికి రాకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆమె ఎవరికి ఏం రాసినా, మందులు మానకూడదు, డాక్టరు మాటే వినాలి అని ముందు ఆ వాక్యం రాసి, దాని కింద చక్రం వేస్తుంది. ఇదేటండీ జాతకంలో ఈ మాట, అశుభం కాదా అని కొందరు మొహం చిట్లిస్తారు. ఇష్టం లేకపోతే కాగితం ఇక్కడే వదిలి వెళ్లండి అంటుంది. ఆ మాట అనేటప్పుడు గొంతు కటువుగా వస్తోందని ఆమెకు తెలుసు. తగ్గించుకోలేదు.

కోర్టులో మొదటి వాయిదా ఎండాకాలంలో పడింది. అవతలి లాయరు రాలేదు. జడ్జిగారు ఇంకో తేదీ ఇచ్చారు. అరగంటలో అంతా అయిపోయింది. దుర్గ, అచ్చియమ్మ, రత్నం ఆర్టీసీ కాంప్లెక్సులో గొలుగొండ బస్సు కోసం నిలబడ్డారు. రత్నం మాట కొంచెం తేట పడింది. కుడి చేత్తో గ్లాసు పట్టుకోగలుగుతోంది, సూది మాత్రం పట్టుకోలేదు. కుట్టుపని ఇంకొకరికి పోయింది.

"నీ మీద కోపం పోనేదమ్మా నాకు," అంది అచ్చియమ్మ, బస్సు వచ్చే దారి చూస్తూ. "ఆడి మీద ఎంతుందో నీ మీదా అంతున్నాది. నా మీద ఇంకా ఉన్నాది. సెప్పాలని సెప్తన్నాను."

"ఉండనీ," అంది దుర్గ. "నాకూ పోలేదు."

బస్సు వచ్చింది. రత్నం కమ్మీ పట్టుకుని తనే ఎక్కింది. అచ్చియమ్మ వెనక ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. చేయి ఊపలేదు. వచ్చే వాయిదా తేదీ ఏదో మరోసారి చెప్పమంది. దుర్గ చెప్పింది.

ఆమె ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఎస్. రాయవరం నుంచి వచ్చిన రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. పేరు దేవుళ్లు. చెరకు తోటకి బోరు వేయించాలట.

"ఏ మూల నీల్లు పడతాయో సెప్పాలమ్మా."

"భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో నాకు తెలీదండీ. దానికి మిషను పెట్టి చూసేవాళ్లుంటారు, వాళ్లని పిలవండి. పని మొదలెట్టడానికి మంచి రోజు కావాలంటే చెబుతాను."

దేవుళ్లు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఇంత ఎండలో వచ్చినాను. తెలీదంటే ఎలగమ్మా? యలమంచిలిలో గురూజీ ఉన్నాడంట. అరిసెయ్యి సూసి ఎన్నడుగుల్లో పడతాదో కూడా సెప్పేస్తాడంట."

"అయితే అక్కడికే వెళ్లండి."

ఆ మాట నోట్లోంచి ఊడిపడింది. దేవుళ్లు సంచి అందుకుని లేచాడు. తలపాగా చుట్టుకుంటూ మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్లాడు. దుర్గ బల్ల దగ్గరే నిలబడి అతని వీపు చూసింది. నాలుగడుగులు, ఐదడుగులు. అప్పుడు చెప్పులు వేసుకోకుండానే కాలే రోడ్డు మీదికి పరుగెత్తి అతని ముందుకు వెళ్లి నిలబడింది.

"కోపంలో అన్నాను. అక్కడికి వెళ్లకండి. లోపలికి రండి, కూర్చోండి. ఆ మనిషి ఏం చేశాడో చెబుతాను. నేనేం చేశానో కూడా చెబుతాను. విన్నాక మీ ఇష్టం."